క్లస్టర్‌కి డిప్యుటేషన్

వకుళ ప్రయాణానికి నాంచారమ్మ సంచి సర్దుతోంది. ప్రయాణం ఎంత దూరమంటే, కూర్చున్న కుర్చీలోంచి లేవక్కర్లేనంత దూరం.

"దుప్పటి అడుగున పెట్టాను. లోపల రాత్రింబవళ్ళు ఏసీయేనంట" అంది నాంచారమ్మ, తువ్వాలు మడత పెడుతూ.

"నేను లోపలికి వెళ్ళను పిన్నీ. ఇదిగో, ఈ బల్ల దగ్గరే కూర్చుని లాగిన్ అవుతాను. నేను టైపు చేసిన మాటలే అక్కడికి వెళ్తాయి."

"ముందు మాటలే వెళ్తాయి తల్లీ. మా చిన్నాడపడుచు కూడా ఫోన్లో మాటలతోనే మొదలెట్టింది. ఆర్నెల్లు తిరక్కుండా భిలాయి వెళ్ళిపోయింది."

వకుళ నవ్వింది. నాంచారమ్మ నవ్వలేదు. జలశాస్త్ర విభాగం ప్రయోగశాలలో ఆమె ముప్పై ఒక్క ఏళ్ళుగా సహాయకురాలు. గాజు పాత్రలు కడగడం, నీళ్ళ నమూనాల మీద చీటీలు అంటించడం ఆమె పని. మనుషుల్ని సాగనంపడం ఎవరూ అప్పజెప్పని పని. చదువు పూర్తయి వెళ్ళేవాళ్ళు, బదిలీ మీద వెళ్ళేవాళ్ళు, రిటైరై వెళ్ళేవాళ్ళు, ఎవరు వెళ్ళినా గేటు దాకా నడిచి, బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, ఆనక రెండు రోజులు అన్నం సయించక తిరిగేది. అలాంటి మనిషికి కుర్చీలోంచి కుర్చీలోకి ప్రయాణమన్నా గుండె దడే.

ఇంతకీ సంచి ఎందుకంటే, సర్క్యులర్లో ఉంది గనక.

ఆ విశ్వవిద్యాలయంలో అన్ని విభాగాలకూ ఉమ్మడిగా ఒక క్లస్టర్ ఉంది. నాలుగు వందల కంప్యూటర్లను ఒక గదిలో బారుగా నిలబెట్టి, అన్నిటి చేతా కలిపి ఒకే లెక్క చేయించే ఏర్పాటది. దాన్ని చూడ్డానికి ఎవరూ వెళ్ళక్కర్లేదు. ఎవరి గదిలో వాళ్ళు కూర్చుని, తమ కంప్యూటర్ నుంచే దానిలోకి లాగిన్ అయి, లెక్క అప్పజెప్పి, జవాబు తెచ్చుకుంటారు. మొన్న మొన్నటి దాకా అందరికీ ఒకటే పాస్‌వర్డ్ ఉండేది. మర్చిపోతారేమోనని దాన్ని క్యాంటీన్ గోడ మీద పెయింటుతో రాయించారు కూడా.

అలా ఉండగా, ఎక్కడివాడో ఏమో, ఒక ప్రొఫెసర్ గారి పేరుతో లాగిన్ అయి పదకొండు రోజుల పాటు క్లస్టర్ చేత తన సొంత పని చేయించుకున్నాడు. ఆ ప్రొఫెసర్ గారు పోయి రెండేళ్ళయింది. ఉన్నప్పటికంటే ఇప్పుడే ఆయన ఎక్కువ పని చేస్తున్నారని విభాగం వాళ్ళు సంతోషించారే తప్ప ఎవరికీ అనుమానం రాలేదు.

విషయం బయటపడ్డాక రాజధాని నుంచి ఒక నిపుణుణ్ణి పిలిపించారు. ఆయన మూడు గంటలు మాట్లాడాడు. సభలో అందరూ కునుకు తీశారు, రిజిస్ట్రార్ కోదండపాణి గారు తప్ప. నిపుణుడు ఒకచోట ఇలా అన్నాడు: "దూరం నుంచి ఒకరు లాగిన్ అయ్యారంటే, ఆ మనిషి మీ గదిలోకి నడిచొచ్చినట్టే అనుకోండి. ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎప్పుడు వెళ్ళారో మీ దగ్గర నమోదై ఉండాలి."

కోదండపాణి గారు ఆ మాట రాసుకుని కింద రెండు గీతలు గీసుకున్నారు. ఆయన రిజిస్ట్రార్ కాకముందు ఇరవై రెండేళ్ళు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో బదిలీలూ సెలవులూ చూసిన మనిషి. ఒక మనిషి ఒక చోటు నుంచి ఇంకో చోటికి క్షేమంగా వెళ్ళడానికి లోకంలో ఉన్న మార్గం ఆయనకి తెలిసినంతలో ఒక్కటే. ఇక్కడ రిలీవింగ్ ఆర్డరు, అక్కడ జాయినింగ్ రిపోర్టు.

వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది.

"విషయము: ఉమ్మడి క్లస్టర్‌కు సురక్షిత అనుసంధానము – రాకపోకల క్రమబద్ధీకరణ – ఉత్తర్వులు – జారీ. లాగిన్ అయిన ప్రతి వ్యక్తియు క్లస్టర్‌కు డిప్యుటేషన్‌పై వెళ్ళినట్లు భావించబడును. ఒకే వ్యక్తి ఏకకాలమున రెండు చోట్ల ఉండుట నిబంధనలకు విరుద్ధము. వెళ్ళువారు తమ సామాను జాబితాను మూడు ప్రతులలో సమర్పించవలెను. విభాగాధిపతి సదరు సామానును స్వయముగా పరిశీలించి సంతకము చేయవలెను."

వకుళ తీసుకెళ్ళే సామానల్లా ఒక ఫైలు. కంటికి కనిపించని ఫైలును పరిశీలించానని విభాగాధిపతి ఎలా సంతకం పెడతారు? అందుకని ఫైలును పెన్‌డ్రైవ్‌లో పెట్టారు. ఒక్క పెన్‌డ్రైవ్‌ను సామాను అనడం ఏం బాగుంటుందని, దానికి తోడు రెండు జతల బట్టలు, దుప్పటి, సబ్బు, దబ్బకాయ పచ్చడి సీసా చేరాయి. సీసా నాంచారమ్మ చేర్చింది.

ఆ ఫైల్లో ఉన్నది వకుళ ఆరేళ్ళ చదువు. ఎక్కడ ఎంత వాన పడితే కొల్లేరు ఏ ఊరి గట్టు దాకా పొంగుతుందో ముందే చెప్పగలిగే లెక్క. మిగిలింది ఆఖరి అధ్యాయంలో ఒక పట్టిక. విభాగం కంప్యూటర్ మీద వేస్తే నాలుగేళ్ళు పడుతుంది. క్లస్టర్ మీద తొమ్మిది గంటలు. సిద్ధాంత గ్రంథం జూన్ ముప్పై సాయంత్రం ఐదు లోపల పరిశోధకురాలే స్వయంగా పరీక్షల విభాగం కిటికీలో ఇవ్వాలి. ఐదు దాటితే ఆమె రిజిస్ట్రేషన్ రద్దు. ఆరేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరు.

ఆ రోజు జూన్ పంతొమ్మిది, సోమవారం. పదకొండు రోజులుంది. తొమ్మిది గంటల పనికి పదకొండు రోజులు చాలవా అనుకుంది వకుళ. చిన్నపిల్ల.

*

అంతకుముందు నెలంతా తాళంచెవులతో సరిపోయింది. ఇలాంటి అనుసంధానానికి కంప్యూటర్ రెండు తాళంచెవులు తయారు చేస్తుంది. తాళంచెవి అంటే అయిదారు వరసల అక్షరాలు. ఒకటి క్లస్టర్‌కి ఇవ్వాలి, రెండోది ఎవరికీ చూపించకుండా మన దగ్గరే దాచుకోవాలి. రిజిస్ట్రార్ ఆఫీసు రెండోది కూడా మూడు ప్రతుల్లో, గెజిటెడ్ అధికారి సంతకంతో అడిగింది. అది రహస్యం కదండీ అని వకుళ అంటే, "రహస్యమంటే ఆఫీసు రహస్యమే గాని సొంత రహస్యం ఉండదమ్మా" అన్నారు. ఆనక ఆ రహస్యపు తాళంచెవిని, ఎవరికైనా అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో తెలపవలసిందని నోటీసు బోర్డులో పెట్టారు. అభ్యంతరాలు రాలేదు. తాళంచెవి సురక్షితమని తేలింది.

సోమవారం పదకొండింటికి వీడ్కోలు సభ జరిగింది. డిప్యుటేషన్ మీద వెళ్ళేవాళ్ళకి సభ లేకుండా పంపే ఆనవాయితీ ఆ విభాగంలో లేదు. వకుళకి గైడూ, విభాగాధిపతీ అయిన ప్రొఫెసర్ పేరిశాస్త్రి గారు శాలువా కప్పి, సభ అయ్యాక జాగ్రత్తగా మడిచి బీరువాలో పెట్టారు. విభాగానికి ఉన్నది అదొక్కటే శాలువా.

"వకుళ ఎక్కడ ఉన్నా మన విభాగానికి పేరు తెస్తుందని ఆశిస్తున్నాను" అన్నారాయన.

"ఇక్కడే ఉంటాను సార్" అంది వకుళ.

"అలాగే అంటారమ్మా అందరూ" అంది నాంచారమ్మ, కళ్ళొత్తుకుంటూ.

పేరిశాస్త్రి గారు సంచి తెరిచి, పచ్చడి సీసా మూత బిగుతుగా ఉందో లేదో చూసి, మూడు ప్రతుల మీదా సంతకం చేశారు. వకుళ తన బల్ల దగ్గర కూర్చుని తాళంచెవి ఇచ్చింది. ఫోనుకి ఆరంకెలొచ్చాయి, అవి కొట్టింది. పదకొండూ నలభైకి తెర మీద స్వాగతం కనిపించింది. అదే నిమిషాన క్లస్టర్ భవనం నుంచి ఫోన్ మోగింది. అక్కడి ప్రవేశ నిర్గమాధికారి ఫణిభూషణం: "జలశాస్త్రం వకుళ గారు ఉదయం పూట చేరారు. నమోదు చేశాం."

వకుళ లెక్క అప్పజెప్పింది. తెర మీద అంకెలు కదిలాయి. అప్పుడే ఒక సందేహం వచ్చి, అలవాటు కొద్దీ పక్క బల్ల కేసి తిరిగింది.

"సార్, ఈ ఉప్పుటేరు వాలు సరిగ్గా వేశానంటారా?"

పేరిశాస్త్రి గారు కిటికీలోంచి బయటికి చూశారు.

"సార్?"

"నాంచారమ్మా" అన్నారాయన గట్టిగా. "వకుళ ఈ విభాగంలో లేదు. ఆ అమ్మాయికి ఏమైనా సందేహాలుంటే క్లస్టర్ అధికారి ద్వారా రాతపూర్వకంగా పంపమను. లేని మనిషితో మాట్లాడితే రేపు ఆడిట్‌లో నేనేం చెప్పుకోను?"

"ఇదిగో, ఎదురుగానే ఉంది కదండీ!"

"నువ్వు చూస్తున్నావు. నాకు చూసే అధికారం లేదు." ఆయన కళ్ళజోడు తుడుచుకుని, గోడ మీది క్యాలెండర్‌తో చెబుతున్నట్టు నెమ్మదిగా అన్నారు: "ఊరికే అనుకుంటున్నాను, ఎవరితోనూ కాదు. మూడో వరసలో సున్నా ఒకటి తగ్గింది."

వకుళ సున్నా దిద్దుకుంది. మంచివాడు పాపం, భయస్తుడు.

మధ్యాహ్నం రెండూ ఇరవైకి తోటమాలి గడ్డి కోసే యంత్రం గడ్డితో పాటు తీగను కూడా కోసింది. తెర నల్లబడింది. అరగంటలో తీగ అతికించారు. వకుళ మళ్ళీ లాగిన్ కాబోతే తెర మీద ఇలా వచ్చింది: "వకుళ లోపలనే ఉన్నారు. ఒకే వ్యక్తి రెండుసార్లు ఉండుట నిబంధనలకు విరుద్ధము."

*

మర్నాడు పొద్దున్నే వకుళా నాంచారమ్మా నడుచుకుంటూ క్లస్టర్ భవనానికి వెళ్ళారు. రెండు వందల గజాలుంటుంది. కిటికీ వెనక ఫణిభూషణం కూర్చుని పెన్సిల్ చెక్కుకుంటున్నాడు.

"నేను వకుళనండీ, జలశాస్త్రం. నిన్న లాగిన్ అయ్యాక తీగ తెగిపోయింది. నన్ను అక్కణ్ణుంచి రిలీవ్ చేస్తే మళ్ళీ లాగిన్ అవుతాను."

ఫణిభూషణం పుస్తకం తిరగేశాడు. "వకుళ గారు నిన్న ఉదయం పదకొండూ నలభైకి చేరారు. బయటికి వెళ్ళినట్టు లేదు. లోపలే ఉన్నారు. మీరెవరు?"

"నేనే వకుళని."

"అమ్మా, లోపలున్నావిడకి రెండు తాళంచెవులు, ఒక ఫోన్ నంబరు, పదకొండు సంతకాలు, ఒక పచ్చడి సీసా ఉన్నాయి. మీకేమున్నాయి?"

"మొహం ఉంది కదండీ. చూడండి."

"మొహానికి ఫారంలో కాలమ్ లేదు."

నాంచారమ్మ ముందుకొచ్చింది. "నాయనా, ఈ పిల్లని ఆరేళ్ళుగా చూస్తున్నాను. వకుళే."

"మంచిది. లోపలున్నావిడని చూశారా మీరు?"

"లోపలెవరున్నారు చూడ్డానికి!"

"చూళ్ళేదు కదా. ఇద్దర్నీ చూడకుండా ఫలానావిడే అసలని ఎలా చెబుతారు?"

నాంచారమ్మ వకుళ గడ్డం పట్టుకుని మొహాన్ని కిటికీ వైపు తిప్పింది.

ఫణిభూషణం కఠినాత్ముడేం కాదు. పెన్సిల్ పక్కన పెట్టి బుజ్జగింపుగా చెప్పాడు: "చూడమ్మా, లాగౌట్ అనేది లోపలున్న మనిషి తనంతట తాను చెప్పాలి. బయటి నుంచి మేం పంపేస్తే గెంటేసినట్టవుతుంది. ఆడపిల్లని గెంటేశారన్న మాట మాకెందుకు?"

"పోనీ నా లెక్క పూర్తయిందో లేదో చెప్పండి."

"ఆ... అర్ధరాత్రి ముందే అయిపోయింది. జవాబు ఆవిడ అరలో ఉంది. ఆవిడొచ్చి తీసుకోవాలి."

ఆ సాయంత్రం హాస్టల్ మెస్సులో వకుళ కంచం తీసేశారు. డిప్యుటేషన్ మీద వెళ్ళినవాళ్ళకి ఇక్కడ భోజనం ఉండదట. నాంచారమ్మ తన ఇంటికి తీసుకెళ్ళి బెండకాయ పులుసుతో అన్నం పెట్టింది. "లోపలున్న ఆవిడ ఏం తిందో" అంది తనకి తెలీకుండానే, ఆ తర్వాత నాలిక్కరుచుకుంది.

*

గురువారం రిజిస్ట్రార్ గారి హాల్లో అత్యవసర సమావేశం. మంచినీళ్ళు అందించడానికి నాంచారమ్మని పిలిచారు. ఆమె వెనకాలే వకుళా వెళ్ళి గోడవార నిలబడింది.

కోదండపాణి గారి మొహం వెలిగిపోతోంది. "ఇదే! సరిగ్గా ఇదే! ఒకరి పేరు చెప్పుకుని ఇంకొకరు రావడానికి ప్రయత్నిస్తారని నిపుణుడు ఆనాడే హెచ్చరించాడు. వచ్చారు! మన విధానం పట్టుకుంది! విధానం అమల్లోకి వచ్చిన మొదటి వారంలోనే పట్టుకుంది!"

సభ్యులు చప్పట్లు కొట్టారు. పేరిశాస్త్రి గారు లేచి నిలబడ్డారు. "అయ్యా, మనవి. ఆ అమ్మాయిని నేనెరుగుదును. ఆమే వకుళ."

"ఆమె వెళ్ళిపోయిందని రాసిన రిలీవింగ్ ఆర్డర్ మీద సంతకం ఎవరిదండీ?"

"నాదేనండి."

"వెళ్ళిందని మీరే రాసి, వెళ్ళలేదని మీరే అంటే రెండిట్లో ఏ మాట ఫైల్లో ఉంచమంటారు?"

పేరిశాస్త్రి గారు కూర్చున్నారు. మినిట్స్‌లో ఆ పూట నుంచీ "వకుళ అని చెప్పుకొనుచున్న వ్యక్తి" అని రాయసాగారు.

"అయినా మానవతా దృక్పథంతో ఆలోచిద్దాం" అన్నారు కోదండపాణి గారు. "లోపల ఒక ఆడపిల్ల మూడు రోజులుగా ఉంది. బయటికొచ్చే దారి తెలీక తిరుగుతోందేమో. పెద్దవాళ్ళు ముగ్గురు వెళ్ళి నచ్చజెప్పి తీసుకురావాలి."

అలా అన్వేషణ సంఘం ఏర్పడింది. పేరిశాస్త్రి గారు అధ్యక్షులు. ముగ్గురికీ సభ, శాలువా, సామాను జాబితా. శుక్రవారం పదింటికి ముగ్గురూ లాగిన్ అయ్యారు. భద్రత కోసం క్లస్టర్‌లో ఇంకో ఏర్పాటు ఉంది. లెక్కేదీ నడవనప్పుడు పది నిమిషాలు ఏమీ టైపు చేయకపోతే సంబంధం దానంతటదే తెగిపోతుంది. సంఘం మొట్టమొదటి అంశంగా పరస్పర పరిచయాలు పెట్టుకుంది. పద్నాలుగు నిమిషాలు పట్టింది.

ఇప్పుడు లోపల నలుగురు.

ఆ ముగ్గురి కోసం ఏడుగురు వెళ్ళారు. ఆ ఏడుగురి కోసం ఆరు విభాగాల అధిపతులు వెళ్ళారు. మంగళవారానికల్లా లోపల నూట నలభై మంది తేలారు. అందరూ ఎవరి కుర్చీల్లో వాళ్ళే కూర్చుని ఉన్నారు గాని, రూలు ప్రకారం ఎవరూ లేరు. వరండాలో ఎదురుపడితే పలకరించుకోవడం మానేశారు. లెక్చరర్లు క్లాసుకొచ్చి, "నేను రాలేదు, రాసుకోండి" అని పాఠం చెప్పి వెళ్ళిపోయేవారు. భార్య లోపలా భర్త బయటా ఉన్న దంపతులు, ఆలుమగల్ని ఒకేచోట ఉంచాలన్న నిబంధన కింద క్లస్టర్‌కి బదిలీ కోరుకున్నారు. అవి మాత్రం వెంటనే మంజూరయ్యాయి.

ఫణిభూషణం పై అధికారులకి నివేదిక పంపాడు: "క్లస్టర్‌లో ప్రస్తుతము విధులలో ఉన్న నూట నలభై మందికి గాను ఒక్క మరుగుదొడ్డి మాత్రమే కలదు. అదియు నాది." ఎనిమిది మరుగుదొడ్లు, ఒక మంచినీళ్ళ ట్యాంకు, ఒక క్యాంటీను మంజూరు చేసి శంకుస్థాపన చేశారు. కొబ్బరికాయ కొట్టాల్సిన డీన్ గారు లోపల ఉండిపోవడం వల్ల, కాయను ఆయన పేరు మీద పక్కన పెట్టారు.

వకుళ మటుకు రోజూ పొద్దున్నే గ్రంథం కట్టను గుండెలకి హత్తుకుని ప్రయోగశాలకొచ్చి కూర్చునేది. ఆఖరి అధ్యాయంలో ఆ పట్టిక ఉండాల్సిన పుట తెల్లగా ఉంది. నాంచారమ్మ తేదీ అడగడం మానేసింది.

బుధవారం కోదండపాణి గారు తానే స్వయంగా వెళ్ళడానికి నిశ్చయించుకున్నారు. "ఓడ మునిగే వేళ కెప్టెన్ ఒడ్డున ఉండకూడదు" అన్నారు సభలో. శాలువా అప్పటికి బాగా నలిగిపోయింది. మూడింటికి ఆయన లాగిన్ అయ్యారు. లోపలి నుంచి అందర్నీ ఒకేసారి బయటికి రప్పించే ఉత్తర్వు టైపు చేయబోయి, "మీకు" అనాలా "మీకందరికీ" అనాలా అని ఆలోచించారు. ఆలోచించడానికి పన్నెండు నిమిషాలు పట్టింది.

*

జూన్ ముప్పై, శుక్రవారం. మధ్యాహ్నం మూడూ ఇరవై. నాంచారమ్మ గాజు పాత్రలు కడుగుతోంది. వకుళ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఫణిభూషణం తన కిటికీ వదిలి రావడం ఎవరూ ఎన్నడూ చూడలేదు. అలాంటివాడు ఎండలో నడిచొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో రిజిస్ట్రార్ ముద్ర, ఒక పెద్ద పుస్తకం.

"నాంచారమ్మ గారూ, నమస్కారమండీ."

అతను ఆమెని గారూ అనడం అదే మొదలు. నాంచారమ్మ చేతిలో పాత్ర బల్ల మీద పెట్టేసింది. "ఏమైంది బాబూ? ఎవరికేమైంది?"

"ఏం కాలేదండీ. రెండు వందల పదకొండు మంది ఉద్యోగులు లోపల ఉండిపోయారు. లాగిన్ లేనివాళ్ళు, అంటే మీ ల్యాబు సహాయకులు, తోటమాలులు, వంటవాళ్ళు మాత్రమే బయట మిగిలారు. రిజిస్ట్రార్ లేనప్పుడు, ఉన్నవాళ్ళలో సీనియర్ ఎవరైతే వాళ్ళే ఇన్‌చార్జి. సర్వీసు పుస్తకాలన్నీ చూశాను. మీరేనండీ."

నాంచారమ్మ తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. "నేను ఏడో తరగతి బాబూ."

"చదువుకి కాలమ్ లేదండీ. సర్వీసుకే ఉంది."

ఆమె ముద్ర వంక చూసింది, వకుళ వంక చూసింది. "ఇది చేతిలో ఉంటే వెళ్ళినవాళ్ళని వెనక్కి పిలవొచ్చా?"

"భేషుగ్గా. రీకాల్ అంటారు. రిజిస్ట్రార్ సంతకం పెడితే లోపలివాళ్ళు బయటికొచ్చినట్టే."

"మరి ఆ పెద్దాయన పదిరోజులుగా ఎందుకు పెట్టలేదు?"

"ఆ ఫైలు ఆయన ముందు ఎవరూ పెట్టలేదండీ."

వకుళ లేచి నిలబడింది. నాంచారమ్మ పుస్తకం లాక్కుంది. "ఎక్కడుంది దీని పేరు? వేలు పెట్టి చూపించు. గడియారం మూడూ ఇరవై ఐదు చూపిస్తోంది."

"ఆఖరిదండీ, రెండు వందల పన్నెండు. కానీ మొదట ఒకటో నంబరు మీద పెట్టాలి. సీనియారిటీ వరస తప్పితే మొత్తం చెల్లదు."

"ఒకటో నంబరు ఎవరు?"

"రిజిస్ట్రార్ గారు."

నాంచారమ్మకి చదువు తక్కువే గాని మనుషుల్ని చూసిన మనిషి. కలం పట్టుకుని ఆగింది. "ఆయనొస్తే నా ముద్ర ఉంటుందా?"

ఫణిభూషణం నేల చూపులు చూశాడు. "ఆయనొస్తే ఆయనే రిజిస్ట్రార్ కదండీ."

"ఒక్కదాన్ని దాటేస్తే ఏం బాబూ? ఒకే ఒక్క వరస. ఎవరు చూస్తారు?"

"చూసేది నేనేనండీ" అన్నాడు ఫణిభూషణం, నిజంగా బాధపడుతూ. "వరస తప్పిన సంతకం నేను నమోదు చేసినా, ఆవిడ బయటికొచ్చినట్టు యంత్రం ఒప్పుకోదు. మీ రీకాల్ పోతుంది, నా ఉద్యోగం పోతుంది, ఆమె లోపలే ఉంటుంది."

వకుళ మెల్లిగా అంది: "పెట్టు పిన్నీ. ఆయనొచ్చాక నేనడుగుతాను. ఇంకా గంటన్నర ఉంది."

నాంచారమ్మ సంతకం పెట్టింది. ఒక్కో అక్షరం విడివిడిగా, ఎవరూ తప్పు పట్టలేనంత పొందిగ్గా. ముద్ర వేసింది. ఫణిభూషణం ఫోన్ చేశాడు. అయిదు నిమిషాల్లో, రెండు రోజులుగా తన గదిలోనే తన కుర్చీలోనే కూర్చుని ఉన్న కోదండపాణి గారు మెట్లు దిగి వచ్చారు.

"ఇన్‌చార్జిగా మీ సేవలు శ్లాఘనీయం" అన్నారాయన, ముద్ర అందుకుంటూ.

"అయ్యా, మీకు దణ్ణం పెడతాను. ఆఖర్న ఆ పిల్ల పేరుంది. ఐదింటి లోపల..."

"కంగారు పడకమ్మా. వరసగా అందర్నీ పిలిపిస్తున్నాను."

ఆయన పిలిపించారు. ఒక్కో పేరూ పైకి చదివి, పుట్టిన తేదీ సరిచూసి, సంతకం పెట్టారు. ఆవరణంతా మనుషులు కుర్చీల్లోంచి లేచి, తిరిగొచ్చిన వాళ్ళలా ఒళ్ళు విరుచుకుని, "ఎలా ఉన్నారు, చిక్కిపోయారే" అని ఒకరినొకరు పలకరించుకుంటున్నారు. కొందరు కావలించుకున్నారు. పేరిశాస్త్రి గారు పరుగున వచ్చి, పదకొండు రోజుల తర్వాత మొదటిసారి వకుళ మొహంలోకి చూశారు.

"అమ్మాయ్, గ్రంథం తెచ్చావా? లాగిన్‌కి సిద్ధంగా ఉండు. జవాబు తీసుకుని రాసెయ్యడానికి పది నిమిషాలు చాలు."

నాలుగూ ముప్పై ఐదుకి కోదండపాణి గారు రెండు వందల పదకొండో సంతకం పెట్టి, ఆఖరి వరస చదివి, కలం ఎత్తారు.

"ఈమె ఉద్యోగి కాదే!"

"పరిశోధకురాలండీ" అన్నాడు ఫణిభూషణం.

"ఉద్యోగుల రీకాల్ పుస్తకంలో విద్యార్థిని పేరు ఎలా ప్రవేశించింది? ఇది తీవ్రమైన భద్రతా లోపం." ఆయన స్కేలు పెట్టి ఆ వరసను నిండుగా కొట్టేశారు. "విద్యార్థులకి వేరే ఫారం ఉండాలి. ఉందా?"

"లేదండీ."

"అయితే తయారు చేయించండి. పేరిశాస్త్రి గారూ, మీరు డీన్ గారి ద్వారా ప్రతిపాదన పంపండి. సానుభూతితో పరిశీలిస్తాను."

పేరిశాస్త్రి గారు అక్కడే, గోడకి కాగితం ఆనించి ప్రతిపాదన రాశారు. భయస్తుడే గాని ఆ పూట ఆడిట్ మాట ఎత్తలేదు. డీన్ గారు సంతకం పెట్టబోతూ, మొన్న తన పేరు మీద పక్కన పెట్టిన కొబ్బరికాయ గుర్తొచ్చి, ముందు శంకుస్థాపన పూర్తి చేసి వస్తానని వెళ్ళారు. నాంచారమ్మ ఆయన వెనక పరుగెత్తింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తింది. కాయ పగిలింది, సంతకం అయింది. ఆమె కాగితం పట్టుకుని తిరిగొచ్చేసరికి పరీక్షల విభాగం కిటికీ మూసి ఉంది. దాని ముందు వకుళ నిలబడి ఉంది.

"తెల్ల పుటతోనే ఇచ్చేద్దామనుకున్నాను పిన్నీ. పరిశోధకురాలే స్వయంగా ఇవ్వాలన్నారు. పేరు అడిగారు, చెప్పాను. జాబితా చూసి, ఆవిడ క్లస్టర్‌లో ఉన్నారు, మీరెవరన్నారు."

నాంచారమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి వెచ్చగా, నిజంగా ఉంది.

విద్యార్థుల రీకాల్ ఫారం సెప్టెంబరులో అచ్చయింది. వకుళ రీకాల్ అక్టోబరు పదిన మంజూరైంది. ఉత్తర్వు ప్రతిని క్లస్టర్ చిరునామాకి పంపారు.

క్లస్టర్‌కి వెళ్ళినవాళ్ళు మొత్తం రెండు వందల పన్నెండు మంది. అందులో రెండు వందల పదకొండు మంది జూన్ ముప్పై సాయంత్రం నాలుగూ ముప్పై ఐదుకల్లా తిరిగొచ్చారు. వకుళ అదే రోజు ఐదూ నలభైకి తన ఊరికి, కైకలూరు బస్సెక్కింది. మళ్ళీ రాలేదు.